మొగుడి మీద కుళ్ళు

ఆదివారం పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుక్కూర్చుని రొయ్యలు వలుస్తుంటే మా ఆయన ఫోను పట్టుకుని వచ్చి, "వందూ, నిన్న టీవీలో మీటింగు చూస్తూ ఏదో అన్నావే, హామీలూ అప్‌డేట్లూ అని... మళ్ళీ ఒకసారి చెప్పవా?" అన్నాడు. ఏమన్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఎలక్షన్ హామీలూ ఫోన్ అప్‌డేట్లూ ఒకటే, ఒప్పుకునేదాకా ఊరుకోరు, ఒప్పుకున్నాక ఏం పోయిందో మనమే వెతుక్కోవాలి అన్నాను. ఇప్పుడు రెండు చేతులూ రొయ్యల నీళ్ళలో ఉన్నాయి, ముక్కు మీద దురద, గోక్కోవడానికి లేదు. ఆ చిరాకులో మళ్ళీ చెప్పేశాను. చెప్పకపోతే పోయేది. అరగంట తిరక్కుండా నా ఫోను టింగుమంది. "మా హోం మినిస్టర్ గారు రొయ్యలతో యుద్ధం చేస్తుండగా, పక్కన నిలబడ్డ నాకొక ఆలోచన వచ్చింది" అని మొదలుపెట్టి, నా ఒక్క మాటకి నాలుగు పేరాలు కట్టి వదిలాడు. మధ్యాహ్నం ఇగురు వడ్డించే వేళకి తొమ్మిది వందల లైకులు. "అబ్బ, ఈ వారం భలే పేలింది," అంటూ ఇంకో గరిటె వేయమన్నాడు.

మా ఆయన పేరు శశిధర్. బెంగళూరు కంపెనీకి బందరులో మా మేడ మీద గదిలోంచి పని చేస్తాడు. ప్రతి ఆదివారం ఫేస్‌బుక్కులో 'నాన్న అరుగు' అని పేరు పెట్టి రాస్తాడు. పిల్ల ఏమడిగింది, ఈ వారం ఇద్దరూ కలిసి ఏ గేము ఆడారు, కొత్తగా వచ్చిన ఏఐ తెలుగు ఎలా మాట్లాడుతోంది, మా వార్డులో కాలవ పూడిక ఎవరు తీయాలి, అన్నీ రాస్తాడు. పదకొండు వేల మంది చదువుతారు. కోనేరు సెంటర్లో కూరగాయలు కొంటుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి, "మీరు హోం మినిస్టర్ గారు కదండీ?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. సంచీలో బెండకాయలు వేసుకుంటూ నవ్వడం తప్ప ఇంకేం చేస్తాం! నిజం ఒప్పుకోవాలి, బాగా రాస్తాడు. చెత్తగా రాస్తే నాకీ బాధ ఉండేది కాదు.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. శశీ నేనూ గుడివాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఒకే క్లాసు. నేను ఫస్టు, ఆయన పదహారో పంతొమ్మిదో. ఆయన ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాములు సగం నావే. కులం ఒకటే అవడంతో రెండు వైపులా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, పెళ్ళయిపోయింది. ఇద్దరం హైదరాబాదులో ఉద్యోగాల్లో చేరాం. నవ్య పుట్టాక, "ఒక రెండేళ్ళు ఆగు, తర్వాత నీ ఇష్టం" అన్నారు. అన్నది ఆయన ఒక్కడే కాదు, మా అమ్మ కూడా అంది. ఆ రెండేళ్ళూ ఏడయ్యాయి. తర్వాత ఆయనకి ఇంటి నుంచి పని చేయమన్నారని బందరు వచ్చేశాం, పెదపారుపూడి నుంచి అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. నాకు కాలేజీ దొరికింది. "నీకు టైం పాస్ అవుతుంది" అన్నాడు శశి. మూడు సెక్షన్లకి ప్రోగ్రామింగూ డేటా స్ట్రక్చర్సూ చెప్పి, నూట ఎనభై పేపర్లు దిద్దడం టైం పాసట!

మా స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ ఉన్నారు, ఆవిడ కంటికి ఏదీ తప్పదు. "వందనా, మీ ఆయన పోస్టుకి ఆ దివ్యశ్రీ ఎవరో ప్రతిదానికీ ముందు తనే కామెంటు పెడుతుంది చూశావా? 'మీలాంటి నాన్న అందరికీ ఉండాలి' అట. కాస్త కనిపెట్టి ఉండమ్మా," అని రహస్యంగా చెప్పారు. నాకు నవ్వొచ్చింది. ఆ దివ్యశ్రీ మీద నాకెందుకు కుళ్ళు? పాపం, ఎవరో ఏమిటో, ఆవిడింట్లో ఎలాంటి మొగుడున్నాడో. నా కుళ్ళంతా మా ఆయన మీదే. కానీ ఆ మాట ఎవరితో అనగలను? పెళ్ళానికి సవతి మీద కుళ్ళుంటే లోకానికి అర్థమవుతుంది, తోడికోడలి మీద ఉంటే అర్థమవుతుంది. మొగుడి మీదే ఉందంటే, అదేం జబ్బే అంటారు.

జబ్బయితే జబ్బే. ఆయన ఆలోచించుకునే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని, కాళ్ళు గోడకి ఆనించి, టీ కప్పు పొట్ట మీద పెట్టుకుని ఆకాశం వైపు చూస్తాడు. నవ్య పరిగెత్తుకొస్తే అత్తయ్య, "ష్, నాన్న ఆలోచిస్తున్నాడమ్మా, కదిలించకు" అంటారు. నేనూ ఆలోచిస్తాను. చింతపండు పిసుకుతూ, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు, రేపటి క్లాసుకి ఉదాహరణ వెతుకుతూ, రోజంతా ఆలోచిస్తూనే ఉంటాను. "ఆవిడ ఆలోచిస్తోంది, కదిలించకండి" అని ఈ పద్నాలుగేళ్ళలో ఒక్కరు అనలేదు. నా చేతులు ఆడుతుంటాయి కాబట్టి బుర్ర ఖాళీగా ఉందనుకుంటారు.

ఇవన్నీ మింగేసేదాన్నేమో. మింగలేనిది నవ్య దగ్గర. దానికి పదకొండేళ్ళు. సాయంత్రం తండ్రీకూతుళ్ళు సోఫాలో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గేము ఆడతారు, ఇటుకలు పేర్చి ఊళ్ళు కట్టే గేము. వాళ్ళకి వాళ్ళ భాష ఉంది, వాళ్ళ జోకులున్నాయి. ఆ గదిలోకి నేను వెళ్ళేది "ఇంక ఆపండి, అన్నానికి రండి" అని చెప్పడానికే. గేము పెట్టేది నాన్న, ఆపేది అమ్మ. జడ లాగి వేసేది అమ్మ, హోంవర్క్ అడిగేది అమ్మ, పొట్లకాయ కూర వండేది అమ్మ. మొన్న జూలైలో ఒకరోజు కంప్యూటర్ పాఠం పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. లూపులు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయమని మిషనుకి ఎలా చెప్పాలి అన్న పాఠం. నేను గబగబా చేతులు తుడుచుకుని, "ఇలా రా, నేను చెప్తాను" అన్నాను. అది పుస్తకం వెనక్కి తీసుకుని, "నీకు రాదులే అమ్మా, నాన్న కాల్ అయ్యాక అడుగుతా" అంది. వెక్కిరింపు కాదు, నా మీద జాలితోనే అంది. ఆ మధ్యాహ్నమే అరవై మందికి అదే పాఠం చెప్పి గొంతు పోగొట్టుకుని వచ్చాను. "మీ అమ్మ చెప్పేది అదేనే మొద్దూ" అని అరవాలనిపించింది. అరవలేదు, పప్పులో తాలింపు వేశాను.

తర్వాత తుఫాను వచ్చింది. మూడు రోజులు కరెంటు లేదు, నెట్టు లేదు, అందరి ఫోన్లూ మూగబోయాయి. శశి గదిలో అటూ ఇటూ తిరుగుతూ, సిగ్నల్ కోసం మేడెక్కి దిగుతూ ఉన్నాడు. నవ్య ఏం తోచక ఏడుపు మొహం పెట్టింది. అటక మీంచి నేను వామనగుంటల పీట దించాను. కోడూరులో మా అమ్మమ్మ రావమ్మ ఆడిన పీట అది, రెండు వరసల్లో ఏడేసి గుంటలు. గుంటకి ఐదు చింతగింజలు పోసి నవ్యని ఎదురుగా కూర్చోబెట్టాను. ఒక గుంటలో గింజలు తీసి ముందుకి ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి, అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్ళీ వేయాలి, ఖాళీ గుంట ఎదురైతే దాని అవతల గుంటలోవి మనకి పంట. మొదట పెదవి విరిచింది. రెండో ఆటకి వంగి కూర్చుంది. మూడు రోజులూ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆడాం. నేను చేతిలో గింజల బరువు చూసి ఎక్కడ ఆగుతానో చెప్పేసేదాన్ని. "ఎలా తెలుసమ్మా? ఎలా తెలుసు?" అని నా మొహంలోకి చూసేది. ఆ చూపు వాళ్ళ నాన్నకి రోజూ దొరుకుతుంది. నాకు మొదటిసారి దొరికింది. బయట కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే, ఈ గాలి ఇంకో రెండు రోజులుంటే బాగుండు అనుకున్నాను. పాపం తగులుతుందని తెలిసే అనుకున్నాను.

మూడో రోజు శశి వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు చూసి, "అరే, ఇది కోడ్ చేస్తే అదిరిపోతుంది నవ్యా. ఇద్దరం కలిసి గేము చేద్దామా?" అన్నాడు. నవ్య ఎగిరి గంతేసింది. గింజలు అక్కడే వదిలేసి వాళ్ళ నాన్న పక్కకి జరిగిపోయింది. కరెంటు వచ్చిన మర్నాడు పొద్దున ఆయన లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, "వందూ, రూల్స్ స్టెప్ బై స్టెప్ చెప్పు, నేను రాసుకుంటా" అన్నాడు. నేను నలుగురికీ వంతుల వారీగా దోసెలు పోస్తున్నాను. ఒక్కోటీ చెప్పాను. చివర్లో, "అంతేనా? ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

ఉంది. కొన్నిసార్లు గింజలు ఎలా పడతాయంటే ఖాళీ గుంటే తగలదు. తీస్తాం, వేస్తాం, తీస్తాం, వేస్తాం, చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మిషనుకి చెప్పకపోతే అది యుగాంతం దాకా తిరుగుతుంది. కోడూరులో దానికొక రూలుంది. మూడు చుట్లు తిరిగినా పంట దొరక్కపోతే "చెయ్యి నొచ్చింది" అని పైకి చెప్పి, గింజలు ఎక్కడివక్కడ వదిలేసి, ఆట అవతలివాళ్ళకి ఇవ్వాలి. వడ్లు దంచి, పేడ ఎత్తి, బిందెలు మోసి వచ్చి కూర్చున్న ఆడవాళ్ళ ఆట అది, ఆ రూలు వాళ్ళే పెట్టుకుని ఉంటారు. నాకు బాగా గుర్తుంది. దోసె తిరగేస్తూ తల్చుకున్నాను, నాలిక చివరిదాకా వచ్చింది. "అంతే," అన్నాను. "దోసె తీసుకోండి, చల్లారిపోతుంది."

మర్చిపోయానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్కటి, ఒకే ఒక్కటి నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను. అంతా ఇస్తూనే ఉన్నాను కదా!

మూడు వారాల్లో గేము తయారైంది. తెర మీద పీట, గింజలు, వాటిని వేసే ఒక చెయ్యి. ఆ చెయ్యి బొమ్మ నవ్య గీసింది, గాజులతో సహా. ఆ ఆదివారం పోస్టు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "తుఫాను మాకు ఒక కానుక ఇచ్చింది. నేనూ మా నవ్యా కలిసి మరుగున పడుతున్న మన ఆటకి ప్రాణం పోశాం. హోం మినిస్టర్ గారు దోసెలతో సహకరించారు." రెండు వేల మంది దించుకున్నారు. నన్నెవరో చెంప మీద కొట్టినట్టయింది. ఫోను పక్కన పడేసి మిక్సీ ఆన్ చేశాను.

నాలుగో రోజు నుంచి కామెంట్లు మొదలయ్యాయి. సార్ ఆట ఆగట్లేదు, చెయ్యి తిరుగుతూనే ఉంది, ఫోను వేడెక్కుతోంది. శశి మేడ మీద గదిలో తలుపేసుకున్నాడు. తప్పు తన లెక్కలో ఉందనుకున్నాడు గానీ, ఆటలో తనకి తెలియని రూలొకటి ఉంటుందని ఆయనకి తట్టలేదు. "లాజిక్ అంతా కరెక్టే వందూ, ఎక్కడో చిన్న బగ్," అనేవాడు. "వాడి బుర్ర వేడెక్కిపోతోంది, కాస్త మజ్జిగ కలిపి ఇవ్వమ్మా," అనేవారు అత్తయ్య. నిమ్మకాయ పిండి, కరివేపాకు నలిపి, గ్లాసు చేతికిచ్చి వచ్చేదాన్ని. లోపల్లోపల భలే సంతోషంగా ఉండేది. ఇలా చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఉండేది. ఆయన మొహంలో తెలియనితనం చూడ్డం నాకు కొత్త.

అప్పుడు గుడివాడ నుంచి కాంతారావు గారు ఫోన్ చేశారు. రిటైరైన హెడ్మాస్టారు, 'నాన్న అరుగు' ఒక్క వారం వదలరు. ఆయనా మిత్రులూ కలిసి నెలకోసారి పిల్లల సభ నడుపుతారు. ఈ శనివారం మీ అమ్మాయి నవ్యశ్రీ వచ్చి గేము చూపించాలి, ఆరు స్కూళ్ళ నుంచి పిల్లలు వస్తారు అన్నారు. శశి వెంటనే ఒప్పేసుకున్నాడు. బగ్ దొరకలేదు కదా అంటే, "ఎడం నుంచి మూడో గుంటతో మొదలుపెడితే హాయిగా నడుస్తుంది. నవ్యా, మూడోదే నొక్కు, అర్థమైందా?" అన్నాడు. నవ్య తలూపింది. ఆ నాలుగు రోజులూ అద్దం ముందు నిలబడి, "అందరికీ నమస్కారం. నా పేరు నవ్యశ్రీ. నేనూ మా నాన్నగారూ..." అని వల్లించుకుంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ప్రతి పూటా చెప్దామనే అనుకున్నాను. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. "హోం మినిస్టర్ గారికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది" అని ఇంకో పోస్టవుతుంది. ఆ మాట తలుచుకోగానే నోరు మూసుకుపోయేది.

శనివారం అందరం కార్లో గుడివాడ వెళ్ళాం. హాలు నిండా పిల్లలు. నవ్య లంగా ఓణీలో ముద్దుగా ఉంది. పెద్ద తెర మీద పీట కనిపించగానే చప్పట్లు కొట్టారు. మూడో గుంట నొక్కింది, ఆట చక్కగా నడిచింది. అక్కడితో ఆపేస్తే సరిపోయేది, కానీ కాంతారావు గారు ముచ్చటపడి, "నన్నొకసారి ఆడనివ్వమ్మా," అని లేచి వచ్చి ఐదో గుంట నొక్కారు. చెయ్యి కదిలింది. తీసింది, వేసింది, తీసింది, వేసింది. ఒక చుట్టు. రెండు. నాలుగు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిదీ! పదీ! పదకొండూ! నవ్య మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శశి మైకు తీసుకుని, "నెట్ కాస్త స్లోగా ఉన్నట్టుంది," అన్నాడు. ఆ గేముకి నెట్టుతో పనే లేదు.

అత్తయ్య నా పక్కనే కూర్చున్నారు. తెర మీంచి చూపు తిప్పకుండా, "చెయ్యి నొచ్చిందని దించాలిగా," అన్నారు మెల్లిగా. "మీకు తెలుసా అత్తయ్యా?" అన్నాను. "తెలియకేం, పెదపారుపూడిలో మేమూ అంతేగా ఆడేవాళ్ళం. నువ్వు చెప్పలేదేమా అని నెల్లాళ్ళుగా చూస్తున్నాను." అప్పుడు నా వైపు తిరిగారు. "మరి మీరైనా చెప్పొచ్చుగా అత్తయ్యా?" అన్నాను. "నన్నెవరడిగారు?" అన్నారావిడ.

స్టేజి మీద నవ్య ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటూ జనంలోకి చూసింది. ఆ చూపు నా మీదకి వచ్చింది, ఆగలేదు, నన్ను దాటుకుని వెళ్ళి, లాప్‌టాప్ దగ్గరున్న వాళ్ళ నాన్న మీద ఆగింది. నేను ఇంక కూర్చోలేకపోయాను. దాన్ని అక్కడ నిలబెట్టింది నేను. నోట్లోంచి ఒక్క మాట రానివ్వక పసిదాన్ని మూడొందల మంది ముందు నిలబెట్టాను.

మెట్లెక్కి వెళ్ళాను. శశి లాప్‌టాప్ మీద వంగి ఉన్నాడు, నుదుటి మీద చెమట. "కాస్త జరగండి," అన్నాను. "నువ్వుండు వందూ, ఇది లాజిక్ ప్రాబ్లం," అన్నాడు. "తెలుసు, జరగండి," అని కుర్చీ లాక్కున్నాను. ఆయన రాసింది చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. చుట్లు లెక్కపెట్టడానికి రెండు, పంట దొరికితే ఆ లెక్క సున్నా చేయడానికి రెండు, మూడు నిండితే ఆట అవతలివాళ్ళకి ఇవ్వడానికి నాలుగు, మొత్తం ఎనిమిది లైన్లు. నవ్య నా భుజం పక్కన నిలబడి నా వేళ్ళ వంకే చూస్తోంది. మళ్ళీ ఐదో గుంట నొక్కాను. చెయ్యి ఒక చుట్టు, రెండు, మూడు తిరిగి, గాజులతో సహా కిందకి దిగి ఊరుకుంది. హాలంతా చప్పట్లు.

కాంతారావు గారు మైకు తీసుకుని, "సమస్య వచ్చినా కంగారు పడకుండా క్షణాల్లో సరిచేసిన శశిధర్ గారికి అభినందనలు! పక్కనే నిలబడి ధైర్యం చెప్పిన తల్లిగారికీ మన కరతాళధ్వనులు," అన్నారు. పెద్దాయన, చూపు కాస్త తక్కువ. కుట్రేమీ లేదు. శశి ఒక్క క్షణం నా వైపు చూశాడు, నోరు తెరవబోయాడు. తర్వాత చేతులు జోడించి సభకి దణ్ణం పెట్టాడు. శాలువా కప్పించుకున్నాడు.

తిరుగుప్రయాణంలో పెడన దాటాం. శశి డ్రైవ్ చేస్తున్నాడు. వెనక సీట్లో అత్తయ్యకీ నాకూ మధ్య నవ్య. అదే మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ రూలు నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాన్న అడిగినప్పుడు మర్చిపోయావా?"

అత్తయ్య కిటికీలోంచి చేల వైపు చూస్తున్నారు. ఊఁ అంటే సరిపోతుంది, అందరికీ సుఖం. నాకూ సుఖమే.

"మర్చిపోలేదు నవ్యా. కావాలనే చెప్పలేదు."

కారు వేగం తగ్గింది. "కావాలనా?" అన్నాడు శశి అద్దంలోంచి చూస్తూ. "పిల్ల స్టేజి మీద ఏడ్చింది వందూ! ఎందుకు చేశావలా?"

"కుళ్ళు."

"కుళ్ళా? ఎవరి మీద?"

"నీ మీదే శశీ," అన్నాను. అత్తయ్య ముందు ఆయన్ని నువ్వు అనడం, పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆవిడ తల తిప్పలేదు.

ఆయన నవ్వబోయి ఆగాడు. "మొగుడి మీద కుళ్ళేంటే? నాదీ నీదీ వేరా? నాకు పేరొస్తే నీకొచ్చినట్టు కాదా?"

"నాది నీదవడం రోజూ చూస్తున్నాను. నీది నాదవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఇందాక శాలువా కప్పించుకున్నావు చూడు, అది ఎవరిది?"

శాలువా ముందు సీట్లో మడత పెట్టి ఉంది. స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ, "నిజమే. అక్కడే చెప్పాల్సింది, ఎందుకో నోరు రాలేదు," అన్నాడు. మళ్ళీ తనే ఉత్సాహం తెచ్చుకుని, "రేపటి పోస్టులో జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ పేరు పెట్టే రాస్తాను. హోం మినిస్టర్ అని కాదు, వందన అనే. సరేనా?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయన మంచివాడు కాదని నేనెప్పుడూ అనలేదు.

"వద్దు," అన్నాను. "నా కుళ్ళు కూడా నువ్వే రాస్తే నాకింకేం మిగులుతుంది?"

నవ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. దాని చెయ్యి తీసుకున్నాను. "నిన్ను ఏడిపించాను, అది నా తప్పు. ఇంకెప్పుడూ చేయను. కుళ్ళు పడటం మాత్రం తప్పని ఒప్పుకోను. నువ్వు ఏ సందేహం వచ్చినా నన్ను దాటుకుని మీ నాన్న దగ్గరికి వెళ్తావే, అప్పుడల్లా పడ్డాను," అన్నాను. కారులో ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. నవ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కాసేపయ్యాక, "అంత స్పీడుగా ఎలా టైపు చేశావమ్మా?" అంది. "నాన్న కూడా అంత స్పీడుగా చెయ్యడు."

"అది నా పని నవ్యా. రోజూ చేసే పని."

"కాలేజీలో నువ్వు చేసేది అదా? నిజంగానా?"

పదకొండేళ్ళ పిల్ల. రోజూ పొద్దున తొమ్మిదింటికి నేను చీర కట్టుకుని ఎక్కడికి వెళ్తున్నానో దానికి తెలియదు. దాని తప్పేముంది, ఎవరు చెప్పారు గనక! నేనూ చెప్పలేదు. ఇంటికి రాగానే కుక్కర్ పెట్టడంలో పడిపోయాను.

"సోమవారం నీకు సెలవు పెడతాను," అన్నాను. "రెండో పీరియడ్ ఫస్టియర్ వాళ్ళకి లూపులు చెప్పాలి. నాతో వచ్చి వెనక బెంచీలో కూర్చో. ఎక్కడన్నా అర్థం కాకపోతే అందరిలాగే లేచి నిలబడి అడుగు."

"అమ్మా అని పిలవొచ్చా?"

"వద్దు. మేడమ్ అనాలి."

అది కిసుక్కున నవ్వింది. అత్తయ్య కూడా నవ్వారు, కిటికీ వైపే చూస్తూ. శశి అద్దంలోంచి నన్ను చూశాడు, ఆ చూపులో ఎగతాళి లేదు.

"నేనూ వస్తాను వందూ," అన్నాడు. "చివర్లో నిలబడి వింటాను, ఏం మాట్లాడను, ఏం రాయను. ప్రామిస్."

"నువ్వు రావద్దు శశీ," అన్నాను. "నువ్వొస్తే నా కూతురు మళ్ళీ నిన్నే చూస్తుంది."